హాలు రంగు బాత్రూము

నూకాలు కూర్చుని ఉండగా చూసినవాళ్ళు జాలరిపేటలో తక్కువ. చేపలమ్మేటప్పుడు కూడా కత్తిపీట మీద ఒక కాలు మోపి గొంతుక్కూర్చుంటుందే తప్ప కుదురుగా చతికిలబడదు. ఒకరు బేరమాడుతుంటే రెండోవాళ్ళ వైపు చూస్తుంది, రెండోవాళ్ళతో మాట్లాడుతూ మూడోవాళ్ళ సంచీ లాక్కుంటుంది. ఇలాంటి మనిషి ఇల్లు కట్టించడం మొదలుపెడితే చుట్టుపక్కల ఎవరికీ విశ్రాంతి ఉండదు. పెదవాల్తేరు మలుపులో ఆవిడ తట్ట ముందు నిలబడే ఆడవాళ్ళకి ఆ ఏడాదంతా చేపలతోబాటు సిమెంటు కబుర్లూ ఇనప చువ్వల కబుర్లూ కొసరుగా దక్కాయి. ఇల్లు ఒక కొలిక్కి వచ్చేసరికి ఆ కబుర్లన్నీ ఒక్కదాని చుట్టూ తిరగడం మొదలెట్టాయి. బాత్రూము టైల్స్.

“హాలు రంగుకి మేచింగు అవ్వాల,” అనేది నూకాలు, కోనాం చేప తోక నరుకుతూ.

రొయ్యలకి వచ్చిన లెక్చరరు గారి భార్య నవ్వింది. బాత్రూముకీ హాలుకీ మేచింగు మా అపార్ట్‌మెంటులోనే లేదే అంది. మీకు అక్కర్లేదమ్మా అని నూకాలు జవాబు. ఎందుకు అక్కర్లేదో చెప్పలేదు. ఆవిడకే సరిగ్గా తెలియదు కాబట్టి చెప్పలేదు.

పక్కన ఎండు చేపలమ్మే పోతమ్మ ఊరుకునే రకం కాదు. “తానం గదికి మేచింగంట. ఒలే నూకాలూ, రేపు నీ తట్టక్కూడా గోడకున్న రంగే ఏయించుతావేటే?” అనేది అందరూ వినేట్టు. నూకాలు వినిపించుకోనట్టు చేపల మీద నీళ్ళు చిలకరించేది.

నూకాలు భీమిలి అవతలి పల్లెలో పుట్టి, అప్పలరాజుని చేసుకుని జాలరిపేటకి వచ్చింది. అత్తగారి వెనక తట్ట నెత్తిన పెట్టుకుని వాల్తేరు మిట్టలన్నీ ఎక్కిదిగింది. మెడ నరాలు మొరాయించాక మలుపులో జాగా పట్టి ఎర్రగొడుగు పాతింది. ఎర్రగొడుగు నీడలో చేప మొప్పలు అప్పుడే నీళ్ళలోంచి తీసినట్టు మెరుస్తాయి. ఈ రహస్యం కొనేవాళ్ళకి తెలియదని ఆవిడ నమ్మకం. హుద్‌హుద్ తుపానుకి ఇంటి పైన రేకులు ఎగిరిపోతే పేటలో అందరూ తలలు పట్టుకుని కూర్చున్న పూటే ఆవిడ సందులన్నీ గాలించి తన రేకులు తెచ్చుకుంది. తనవి కానివి కూడా ఒకటి రెండు వచ్చాయని పోతమ్మ ఇప్పటికీ అంటుంది. ఆ రేకుల కిందే కొడుకు దుర్గారావుకి పెళ్ళయింది. కోడలు ధనశ్రీ మల్కాపురం పిల్ల, డిగ్రీ చదివింది, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రిసెప్షను బల్ల వెనక కూర్చుంటుంది. దుర్గారావుకి పోర్టులో కంటెయినర్ల యార్డులో పని. రెండు జీతాలూ, ఒక ఎర్రగొడుగూ, అప్పలరాజు ఫైబరు బోటూ కలిసి ఒక శ్లాబు ఇల్లు లేపాయి.

జాలరిపేటలో ప్లాను అంటే కాయితం కాదు. మేస్త్రీ సూరన్న ముగ్గుపిండితో నేల మీద గీతలు గీస్తాడు, ఇంట్లోవాళ్ళు ఆ గళ్ళలో నిలబడి చేతులు చాపి చూసుకుంటారు. ఇది హాలు, ఇది వంటగది, ఇది కొడుకూ కోడళ్ళ గది, దానిలోనే వాళ్ళకో బాత్రూము. వెనక సందు పక్కన ఇంకో గడి గీసి, ఇది నీకు అప్పా, అమ్మకం నుంచి రాగానే కడుక్కోడానికి అన్నాడు సూరన్న, నూకాలుని అక్క వరసతో పిలుస్తూ. తలుపు సందులోకి పెట్టాడు. ఎవరూ ఏమీ అనలేదు. పేటలో స్నానం గది తలుపు సందులోకే ఉంటుంది. ఆకుల దడి కట్టుకున్న రోజుల్లోనూ అంతే, గోడలొచ్చాకా అంతే. నూకాలు కూడా ఆ గడిలో నిలబడి, చాలులే అనుకుంది.

ఒక్క తేడా మాత్రం అప్పుడెవరి కంటా పడలేదు. పాత ఇంటికి పెరటి గుమ్మం ఉండేది. దడి చాటున నీళ్ళు పోసుకుని తడిచీరతో రెండడుగులేస్తే ఇంట్లో ఉండేది, పొడిచీర లోపల కట్టుకునేది. కొత్త ఇంట్లో ఆ పెరటి గుమ్మం చోటుని డాబా మెట్లు మింగేశాయి.

హాలుకి టైల్స్ ధనశ్రీయే ఎంచింది. మీగడ రంగు, లోపల సన్నటి గోధుమరంగు జీరలు, మొహం కనబడేంత నునుపు. అవి పరిచిన రోజు నూకాలు గుమ్మంలో నిలబడి చూసింది గానీ కాలు పెట్టలేదు, తట్ట దింపి వచ్చిన కాళ్ళు కదా. అప్పుడే లోపలినుంచి కోడలి గొంతు వినబడింది. సూరన్నకి చెబుతోంది: “బయట బాత్రూమే కదా బాబాయ్, మిగిలిన ముక్కలేవో ఏసీయి.”

తప్పు మాటేం కాదు. ఆ బాత్రూము బయటే ఉంది. మిగిలిన ముక్కలు నిజంగానే మిగిలాయి. కానీ నూకాలు ఆ రాత్రి అన్నం సగం ఒగ్గేసింది. మర్నాడు మలుపులో తట్ట పోతమ్మకి అప్పగించి టైల్స్ కొట్టుకి బయల్దేరింది.

ఇక్కడ ఒక సంగతి తేల్చుకోవాలి. చేపల వాసన శ్రమకి పరిమళమనీ, దాన్ని చూసి ముక్కు మూసుకునేవాళ్ళు దుర్మార్గులనీ చెప్పేవాళ్ళు ఎవరూ తట్ట మోసినవాళ్ళు కాదు. తట్టలోంచి కారిన నీళ్ళు మెడ మీదుగా రవికలోకి దిగి, ఎండకి అక్కడే ఎండిపోతే, ఈగల్ని వెంటేసుకుని ఇంటికి నడవడంలో పరిమళం ఏదీ లేదు. నూకాలుకి ఆ వాసనంటే ఒళ్ళు మంట. నిమ్మచెక్క, పసుపు, బట్టల సబ్బు, ఒంటి సబ్బు, ఆ వరసలో తోముకుంటుంది. కాబట్టి తట్ట సందులో పెట్టి, కడుక్కునే లోపలికి రమ్మని కోడలు అన్నందుకు ఆవిడకి కోపం లేదు. బయట అనే మాట ఎక్కడో గాలంలా పట్టుకుంది, దాన్ని లాగి చూసుకునే తీరిక ఆవిడకి ఎప్పుడూ లేదు. ఆ సలుపుని టైల్స్ మీదికి మళ్ళించింది.

టైల్స్ కొట్టుకి గాజు తలుపు, లోపల ఏసీ. నూకాలు మెట్ల మీదే ఆగిపోయింది. అక్కడ అమ్మకాలు చూసే నాగవంశీ, స్టీలుప్లాంటు ఉద్యోగానికని గోదావరి నుంచి వచ్చినాయన కొడుకు, మర్యాదస్తుడు. లోపలికి రండమ్మగారూ అన్నాడు. ఒంటి మీద నీచుందయ్యా, నాను రాను, ఇక్కడికే తెచ్చీ అంది. అతను ఒక్కో టైలు బయటికి మోసుకొచ్చి ఎండలో మెట్టుకి ఆనించాడు. ఒకటి పచ్చదనం తిరిగింది, ఒకటి బూడిద, ఒకటి మరీ సున్నంలా తెలుపు. హాల్లో వేసిందే ఇమ్మని అడిగింది. అది నునుపు రకమండి, నీళ్ళు పడితే జారి పడిపోతారండి, బాత్రూముకి గరుకుది వేసుకోవాలండి, రంగు కలవాలంటే హాలు టైలు ముక్కొకటి పట్టుకురండి అన్నాడు.

ముక్క తేవడానికి నూకాలుకి అభిమానం అడ్డొచ్చింది. పడవ ఒడ్డుకి రాకముందే అలల మీద ఊగే తీరు చూసి వల నిండిందో లేదో చెప్పే కన్ను తనది. ఒక టైలు రంగు గుర్తుండదా? ఇంకో రోజు వెళ్ళింది. మరో కొట్టుకి, అక్కడినుంచి సింహాచలం దారిలో ఇంకో కొట్టుకి, మళ్ళీ మొదటి కొట్టుకే. ఇంట్లో సూరన్న చేతులు ముడుచుకుని కూర్చున్నాడు. దుర్గారావు విసుక్కున్నాడు. నడుముకి వల తాడు చుట్టుకుంటూ అప్పలరాజు ఒక్కటే అన్నాడు, బోటుకి రంగేసినంత మాత్రాన చేపలు పడతాయా అని. పడవు, కానీ రంగెయ్యకుండా ఏ పడవనైనా నీళ్ళలోకి తోశావా అంది నూకాలు. ఆయన బీడీ వెలిగించుకున్నాడు.

చివరికి ఒక మధ్యాహ్నం ఆవిడ అమ్మకం మానేసింది. తలంటుకుంది. పెళ్ళిళ్ళకి కట్టే జరీ చీర తీసి కట్టుకుంది. ఇవాళ ఆ గాజు తలుపు తోసుకుని లోపలికే వెళ్ళాలి, కుర్చీలో కూర్చునే చూడాలి. మెట్ల మీద నిలబడి అడిగితే మంచి సరుకు ఎవడు చూపిస్తాడు అని పోతమ్మ అన్న మాట కూడా కొంత పనిచేసింది.

లోపల చల్లగా ఉంది. పైకప్పునిండా దీపాలు. నాగవంశీ ఆవిణ్ణి గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది. పట్టాక నీళ్ళ సీసా ఇచ్చాడు, ఒక గరుకు టైలు తెచ్చి దీపం కింద నిలబెట్టాడు. “మీ హాలుకి ఇది సొంత చెల్లెలండి అమ్మగారూ,” అన్నాడు.

అచ్చం మీగడే. అవే జీరలు. నూకాలు వేలితో రాసి చూసింది, గోటితో గీసి చూసింది, చేపని ఎత్తి చూసినట్టు పైకెత్తి చూసింది. పైన వెలుగుతున్న పసుపు దీపాన్ని మాత్రం చూడలేదు. ఎర్రగొడుగు పాతుకుని ఇన్నేళ్ళుగా జనానికి చేపలమ్మిన మనిషి తలెత్తి అవతలివాడి గొడుగు ఏ రంగో చూసుకోలేదు. ఇదే, కట్టీ అంది.

ఆటో ట్రాలీ సందు మొదట్లో ఆగింది. సూరన్న ఒక పెట్టె విప్పి టైలుని ఎండలో పెట్టాడు. గులాబీ. లేత గులాబీయే, కానీ గులాబీ. అప్పలరాజు వంగి చూశాడు.

“ఇది హాలు రంగేటే? గులివింద సేప పొట్టనాగుంది.”

సందులో వలలు బాగుచేసుకుంటున్న మగాళ్ళు నవ్వారు. నూకాలు నవ్వలేదు. టైలుని ఇటు తిప్పింది, అటు తిప్పింది, నీడలో పెట్టింది. గులాబీ గులాబీగానే ఉంది. కొట్టులో నెత్తి మీద వెలిగిన పసుపు దీపం సంగతి అప్పుడు తట్టింది. విప్పని పెట్టెలు కొట్టువాళ్ళు వెనక్కి తీసుకుంటారు అప్పా, నేను మాట్లాడతాను అన్నాడు సూరన్న. దుర్గారావు అప్పుడే ఆటోవాణ్ణి ఆగమన్నాడు.

నూకాలు ఆటోకి అడ్డంగా నిలబడింది. పేటలో ఏ ఆడదీ అమ్మిన చేపని తిరిగి తట్టలో వేసుకోదు. కొన్నవాళ్ళు ఇంటిదాకా వెళ్ళి, బాగాలేదని పట్టుకొస్తే వేరే చేప ఇస్తుంది, తిడుతూనైనా ఇస్తుంది. పాతదాన్ని కుక్కకి వేస్తుంది గానీ తట్టలోకి రానివ్వదు. తిరిగొచ్చిన చేప తట్టకి దరిద్రం. ఇది ఎప్పటి ఆచారమో, అర్థమేమిటో ఎవరూ అడగరు. అలాగని చేపకీ టైలుకీ పోలికేమిటని నూకాలుని అడగడమూ దండగే.

“నా తట్టలోకి తిరిగొచ్చినదాన్ని నాను ముట్టుకోను. ఆడి తట్టలోకి నానెలాగ ఏత్తానురా?” అంది కొడుకుతో. “కొన్నది కొన్నదే. ఎట్టీ సూరన్నా.”

సూరన్న గులాబీ టైల్స్ పరవడం మొదలుపెట్టాడు. రెండు రోజులు నూకాలు మలుపులో చేపల తలలు కసిగా నరికింది. లెక్చరరు గారి భార్య మేచింగు అయిందా అని అడిగితే తూకంలో ఒక రొయ్య తక్కువ వేసింది. ఇంటికొచ్చి బాత్రూము గుమ్మంలో నిలబడేది, సందులో నడిచి ముందుకెళ్ళి హాలు చూసేది, మళ్ళీ చుట్టూ తిరిగి వెనక్కొచ్చేది. ఇక్కడి రంగు కంట్లో పెట్టుకుని అక్కడికెళ్ళేలోపు చెరిగిపోతోంది. వలలవాళ్ళు ఆవిడ చుట్లు చూసి, గానుగెద్దు అని చాటుగా పేరు పెట్టారు.

నేల పరవడం పూర్తయిన సాయంత్రం ధనశ్రీ డ్యూటీ నుంచి నేరుగా వెనక సందులోకి వచ్చింది. చేతిలో హ్యాండుబ్యాగు, మెడలో ఆసుపత్రి కార్డు. గులాబీ నేలని చూసి పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకుందో, జాలి పడిందో తెలియలేదు.

“అత్తా, నాకు తెలీక అడుగుతన్నాను. హాల్లో కూకున్నోళ్ళకి ఈ బాత్రూము కనబడదు. ఇందులో ఉన్నోళ్ళకి హాలు కనబడదు. మద్దిన ఈ గోడుంది. మేచింగు అయితే మాత్రం ఎవలికి సూపిత్తావు?”

నూకాలు గోడ వైపు తిరిగి అరచెయ్యి ఆనించింది. అటువైపు కుక్కరు విజిలు వేస్తోంది. టీవీలో ఎవరో ఏడుస్తున్నారు. అప్పలరాజు దగ్గు వినిపిస్తోంది. వంటగదికీ హాలుకీ మధ్య అవే మీగడ టైల్స్ పరిచిన సన్నటి నడవ, సరిగ్గా ఈ గోడ వెనకే. ఇల్లంతా ఒక జానెడు ఇటుక అవతల ఉంది, తను నెల రోజులుగా సింహాచలం దారిదాకా వెళ్ళి దాన్ని వెతుక్కుంటోంది.

“సూరన్నా,” అంది, “ఈ గోడ కొట్టీసి తలుపెట్టు.”

సూరన్న హాస్యమనుకున్నాడు. తాపీ పక్కన పెట్టలేదు. దుర్గారావు లోపలినుంచి చుట్టూ తిరిగి పరిగెత్తుకొచ్చాడు. కొత్త గోడ కొట్టడమేమిటి, ఎవరైనా నవ్వుతారు, శ్లాబు దిగిపోతుంది అన్నాడు. శ్లాబు దిగదని సూరన్న చెప్పాడు, ఇది బరువు మోసే గోడ కాదు. ధనశ్రీ మాత్రం తిన్నగా అడ్డు చెప్పింది. నడవలోకి బాత్రూము తలుపొద్దు, వాసన హాల్లోకొస్తుంది అంది.

ఆ పిల్ల ఆ మాట దాచిపెట్టకుండా అనడం నూకాలుకి ఎప్పుడూ నచ్చుతుంది. ధనశ్రీ తల్లిది మల్కాపురం మార్కెట్లో ఎండు చేపల దుకాణం. బళ్ళో బెంచీ మీద పక్క పిల్ల జరిగి కూర్చున్న రోజులు ధనశ్రీ మరిచిపోలేదు, మరిచిపోయినట్టు నటించదు కూడా. ఇప్పటికీ డ్యూటీకి వెళ్ళేముందు మోచేతులు వాసన చూసుకుంటుంది.

“వాసన నాకు మాత్రం ముద్దేటే?” అంది నూకాలు. గొంతు పెంచలేదు. పెంచకపోవడంతో సూరన్న తాపీ కింద పెట్టాడు. “రాగానే కడుక్కోమన్నావు, కడుక్కుంతాను. తట్ట సందులోనే ఒగ్గీమన్నావు, ఒగ్గీత్తాను. తానం సేసీసినాక కూడా తడిసీరతోటి సందంతా తిరిగి వీధి గుమ్మంలోంచి రావాలేటి నాను? ఆ వలలకాడ ఎంతమంది కూకుంతారో నీకు తెల్దా?”

సందులో వలల దగ్గర కూర్చున్నవాళ్ళు వలల్లోకే చూస్తున్నారు. ఆ మాట నోటినుంచి వచ్చాక నూకాలే ఆశ్చర్యపోయింది. నెల రోజులుగా గొంతులో ఆడుతున్నది ఇదన్నమాట. గులాబీ కాదు, మీగడా కాదు.

ధనశ్రీ బ్యాగు ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకుంది.

“ఈ ముక్క ముగ్గేసిన్నాడే సెప్పుంటే అయిపోను కదా అత్తా. మేచింగు మేచింగని అందరి పేణాలూ తోడీసినావు.”

“నాకు మాత్రం తెలిసిందేటి,” అంది నూకాలు.

బేరం అక్కడే, గులాబీ నేల మీద, ఇద్దరూ నిలబడి తేల్చుకున్నారు. నూకాలు జీవితంలో చేసిన బేరాలన్నిటిలోకీ ఇది పొట్టిది. సందు తలుపు ఉంటుంది. తట్ట, కత్తిపీట, గొడుగు బయటే. లోపలి తలుపు స్నానం అయ్యేదాకా తీయకూడదు. నడవలో ఒక గుడ్డ పట్టా ఉంటుంది. గాలి బయటికి లాగే ఫ్యాను ఒకటి పెట్టించాలని ధనశ్రీ కొసరు అడిగింది. కొసరు లేకుండా బేరమేమిటని నూకాలు ఒప్పుకుంది.

సూరన్న గోడ కొట్టాడు. తెల్లారేసరికి దుమ్ము టీవీ మీద, దేవుడి పటాల మీద, అప్పలరాజు కంచం మీద సమంగా పడింది. ప్లాస్టిక్ తలుపు బిగించారు. తలుపు తీస్తే తెలిసొచ్చింది అసలు సంగతి. ఇంతకాలం గోడకి చెరో పక్క ఉండి ఎవరి మానాన అవి బతికిన రెండు రంగులూ ఇప్పుడు గడప దగ్గర ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. ఇటు మీగడ, అటు గులివింద పొట్ట. ప్రపంచంలో ఇంతకంటే కలవని జత దొరకడం కష్టం. మధ్యలో నల్లరాయి బద్ద వేస్తే కొంచెం మరుగుపడుతుంది అప్పా అన్నాడు సూరన్న. వెయ్యమంది. వేశాక రెండూ ఇంకా బాగా కనబడ్డాయి.

మర్నాడు చేపలు త్వరగా అమ్ముడుపోయాయి. నూకాలు ఇంటికొచ్చి సందులో తట్ట బోర్లించింది, గొడుగు మూసి గోడకి ఆనించింది. నిమ్మచెక్క, పసుపు, బట్టల సబ్బు, ఒంటి సబ్బు. గరుకు టైలు మీద కాలు జారలేదు, నాగవంశీ ఆ మాత్రం నిజమే చెప్పాడు. తడిచీర చుట్టుకుని లోపలి తలుపు గడియ తీసింది.

నడవలో ధనశ్రీ ఉల్లిపాయలు తరుగుతోంది. తలెత్తి, ముక్కు ఎగబీల్చి, ఏమీ లేదన్నట్టు మళ్ళీ తల దించుకుంది.

“కాళ్ళు తుడుసుకో అత్తా, జారతాది.”

నూకాలు పట్టా మీద కాళ్ళు తుడుచుకుంది. నల్లరాయి దాటి మీగడ రంగు మీద రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగి చూసింది. తలుపు తెరిచే ఉంది. గులాబీ నేల తడితడిగా ఇంకా గులాబీగా మెరుస్తోంది.

“ఆ టైల్స్ కొట్టోడు ఎట్టిన పసుపుపచ్చ దీపాలు అమ్ముతారేటే ఎక్కడైనా?” అంది కోడలితో. “బాత్రూములో ఒకటెట్టి సూద్దుము.”

ధనశ్రీ కత్తి పక్కన పెట్టి, చీర మార్చుకో ముందు అంది.